ఇల్లు బాగు చేయించని ఓనరు మీద కేసు: గోదావరి డెల్టాలో అద్దెకున్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు మొదలయ్యాయంటే ఇవే సందేహాలు మళ్ళీ వస్తాయి. ఒకరికి శ్లాబ్ కారుతోంది, ఇంకొకరికి బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉన్నాయి, మరొకరికి పక్క డ్రెయిన్ పొంగి మురుగు గుమ్మం దాటి వస్తోంది. ఓనరుకు ఎన్నిసార్లు చెప్పినా "చూద్దాం లెండి" అన్న మాటే. అందుకే ప్రశ్నలను అడిగేవాళ్ళ మాటల్లోనే పెట్టి, ఒక్కోదానికి అక్కడికక్కడే జవాబు రాశాను. మీకు కావలసిన చోట మొదలుపెట్టి చదువుకోవచ్చు.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇలాంటి కేసుల బలం లాయరు వాదనలో కంటే, ఇల్లు పాడైన మొదటి వారాల్లో మీరు దాచుకున్న కాగితాల్లోనే ఎక్కువగా ఉంటుంది. కోపంలో అద్దె ఆపేసినవాళ్ళు చేతిలో ఉన్న న్యాయాన్ని కూడా పోగొట్టుకుంటారు.

## కేసు ఆలోచన వచ్చినప్పుడు

ఇల్లు బాలేదని ఓనరు మీద కేసు వేయొచ్చా? నచ్చకపోతే ఖాళీ చేసి పొమ్మంటున్నారు.

వేయొచ్చు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అద్దెకున్నవారి హక్కులూ బాధ్యతలూ రెండూ చెబుతుంది. ఇంట్లో పైకి కనిపించని లోపం ఏదైనా ఉండి, అది ఓనరుకు తెలిసి ఉంటే, అద్దెకిచ్చే ముందే మీకు చెప్పాలి. మీరు అద్దె కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం ఆటంకం లేకుండా ఇంట్లో ఉండే హక్కు మీది. ఓనరు చేయించాల్సిన రిపేరు నోటీసిచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, మీరే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు.

అయితే ఒక విషయం గమనించాలి. ఈ సెక్షన్ అంతా "వేరే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేకపోతే" అన్న మాటకు లోబడి ఉంటుంది. రిపేర్లన్నీ అద్దెకున్నవారివే అని మీరు సంతకం పెట్టి ఉంటే కేసు బలం తగ్గుతుంది. కాబట్టి ముందు అగ్రిమెంట్ తీసి ప్రతి వాక్యమూ చదవండి.

మాకు అగ్రిమెంటే లేదు. అంతా నోటి మాటే. కేసు నిలబడుతుందా?

నిలబడుతుంది. నెలనెలా అద్దె మీద ఇల్లు అప్పగిస్తే, రాతకోతలు లేకపోయినా అది చెల్లే అద్దె ఒప్పందమే. కాకపోతే మీరు ఆ ఇంట్లో అద్దెకున్నారని, అద్దె ఇంత అని మీరే రుజువు చేసుకోవాలి. ఫోన్‌పే, గూగుల్ పే చెల్లింపులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ చిరునామాతో వచ్చిన గ్యాస్ బిల్లు, పిల్లల స్కూలు రికార్డు, అద్దె గురించి ఓనరు పంపిన మెసేజీలు, ఇవన్నీ పనికొస్తాయి. ఇప్పటివరకు చేతికే డబ్బిస్తుంటే వచ్చే నెల నుంచి బ్యాంకు ద్వారానే పంపండి. పంపేటప్పుడు "ఆగస్టు నెల అద్దె" అని రాయడం మరిచిపోవద్దు.

పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకున్నాం, రిజిస్టర్ చేయించలేదు.

ఏడాది మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించి తీరాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. పదకొండు నెలల అలవాటు అందుకే వచ్చింది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన సవరణ ప్రకారం అద్దె ఒప్పందం ఎంత కాలానిదైనా రిజిస్టర్ చేయించాలి. రిజిస్టర్ చేయించని మీ కాగితం ఎంతవరకు పనికొస్తుందో లాయరును అడగండి. స్టాంపు తక్కువ పడి ఉంటే ఆ లోటు, జరిమానా కట్టాకే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకుంటుంది.

ఏ రిపేరు ఓనరుది, ఏది మాది?

అగ్రిమెంట్‌లో రాసి ఉంటే అదే లెక్క. రాయకపోతే, కేంద్ర ప్రభుత్వం 2021లో తయారుచేసిన నమూనా అద్దె చట్టంలోని జాబితా మాట్లాడుకోవడానికి మంచి ఆధారం. ఇంటి కట్టడానికి సంబంధించిన రిపేర్లు, గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగులు, నీటి పైపులు మార్చడం, కరెంటు వైరింగ్ ఓనరు వంతు. కుళాయిలు, వాటి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, కిటికీ అద్దాలు, కాలువ శుభ్రం అద్దెకున్నవారి వంతు. అది నమూనా మాత్రమే కాబట్టి "ఈ చట్టం ప్రకారం మీరు చేయాల్సిందే" అని నోటీసులో రాయకండి. శ్లాబ్ కారడం, పెచ్చులూడి చువ్వలు బయటపడటం, సెప్టిక్ ట్యాంకు పగలడం లాంటివి మీ వాడకం వల్ల వచ్చేవి కావు. ఫ్యూజు కాలిపోయిందని, కుళాయి కారుతోందని అదే నోటీసులో కలిపితే అసలు ఫిర్యాదు పలచబడుతుంది.

అద్దె ఆపేస్తే వాళ్ళే దారికి వస్తారు కదా?

దయచేసి ఆ పని చేయకండి. అద్దె కట్టడం మీ బాధ్యత అని చట్టం సూటిగా చెబుతోంది. మీరు ఆపిన మరుక్షణం, ఇల్లు కారుతున్న కేసు కాస్తా అద్దె ఎగ్గొట్టిన కేసుగా మారిపోతుంది. కోర్టులో ఓనరు తరఫు లాయరు మీ ఫోటోల గురించి మాట్లాడరు, మీ బకాయి గురించే మాట్లాడతారు. ఇంట్లో ఆటంకం లేకుండా ఉండే హక్కు కూడా అద్దె కడుతున్నవారికే ఉంది. మీకు ఎంత అన్యాయం జరుగుతున్నా సరే, తేదీ తప్పకుండా కట్టండి. అద్దె తగ్గించాలని అడగాలనుకుంటే రాసి అడగండి. ఒప్పుకుంటే ఆ మాట కూడా రాతలోనే తీసుకోండి.

ఓనరు గారిని బాబాయి అని పిలుస్తాం. పండక్కి అరిసెలు పంపుతారు. ఆయనకి నోటీసు ఎలా పంపం?

మన వైపు చాలా ఇళ్ళలో ఇదే ఇబ్బంది. కింద పోర్షన్‌లో వాళ్ళు, పైన మీరు. పొద్దున్నే ముఖాలు చూసుకోవాలి. అందుకే మొదట మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి. ఫోన్‌లో పదిసార్లు చెప్పినదానికంటే అది ఎక్కువ పనిచేస్తుంది, రేపు సాక్ష్యంగానూ ఉంటుంది. ఉదాహరణకు:

"బాబాయి గారూ, నమస్తే అండి. రాత్రి వానకి వెనక గది శ్లాబ్ మళ్ళీ కారింది. మంచం తడిసిపోయింది. ఫోటోలు పెట్టాను చూడండి. వినాయక చవితికి ముందు కూడా ఫోన్‌లో చెప్పాను. ఈ నెల 20వ తేదీ లోపు మేస్త్రిని పంపగలరా అండి? మేము రోజూ ఇంట్లోనే ఉంటాం."

ఇందులో గొడవేమీ లేదు. కానీ తేదీ ఉంది, ఏ గదో ఉంది, ముందే చెప్పిన సంగతి ఉంది, గడువు ఉంది, మేస్త్రిని రానిస్తామన్న మాట కూడా ఉంది. ఆయన "అలాగేనమ్మా" అని జవాబిస్తే సమస్య తన దృష్టికి వచ్చిందని ఒప్పుకున్నట్టే.

## ఆధారాలు పోగుచేసేటప్పుడు

ఫోటోలు తీస్తే చాలా? ఎలా తీయాలి?

ఒక్కో లోపానికి రెండు ఫోటోలు తీయండి. ఒకటి దూరం నుంచి, అది ఏ గదో తెలిసేలా. రెండోది దగ్గర నుంచి, పక్కన టేపు గానీ స్కేలు గానీ పెట్టి. కారుతున్నప్పుడు వీడియో తీయండి, వాన చప్పుడు కూడా వినపడాలి. ఒరిజినల్ ఫైళ్ళు ఫోన్‌లోనే ఉంచండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీలో తీసిన తేదీ వివరాలు పోతాయి.

పగుళ్ళకు ఇంకో పని చేయాలి. డెల్టాలో చాలా చోట్ల నల్లరేగడి నేల. ఎండకు కుంచించుకుపోతుంది, తడిస్తే ఉబ్బుతుంది. అందుకే గోడ పగులు మే నెలలో తెరుచుకుని వానలకు కొంత మూసుకుపోతుంది. ఆగస్టులో వచ్చి చూసినవాళ్ళకు అది చిన్న గీతలా కనపడుతుంది. పగులుకు అడ్డంగా ఒక కాగితం ముక్క గట్టిగా అతికించి, దాని మీద తేదీ వేసి ఫోటో తీయండి. కొన్ని వారాల్లో ఆ కాగితం చిరిగితే పగులు ఇంకా కదులుతోందని అర్థం. వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి అదే చోట ఫోటో తీసి పెట్టుకోండి.

గోడల నెమ్ముకి మేమే కారణమంటున్నారు. కిటికీలు తీయమట, బట్టలు లోపల ఆరేస్తామట.

ఓనర్లు ఎక్కువగా చెప్పే మాట ఇదే, కొన్నిసార్లు నిజం కూడా. కాబట్టి ముందు మీరే తేల్చుకోండి. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ జానెడు ముక్క తీసుకుని, నెమ్ముగా ఉన్న గోడకు నాలుగు అంచులా టేపుతో గాలి దూరకుండా అతికించండి. ఒకట్రెండు రోజులు ఉంచి తీయండి. గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోంచి వస్తోంది. గది వైపు తడి ఉంటే గదిలోని ఆవిరి చల్లబడి పడుతోంది, అప్పుడు కిటికీలు తీయాల్సింది మీరే. అతికించేటప్పుడు, తీసేటప్పుడు వీడియో తీయండి.

నెమ్ము ఎక్కడ ఉందన్నది కూడా చాలా చెబుతుంది. నేల నుంచి మూడడుగుల వరకు వరసగా తడి, పైన తెల్లటి ఉప్పు పూత ఉంటే పునాదిలోంచి నీరు పైకి ఎక్కుతున్నట్టు. భూగర్భజలం పైపైనే ఉండే మన ఊళ్ళలో, ముఖ్యంగా చేపల, రొయ్యల చెరువుల పక్కన ఇది మామూలు. పైకప్పు మూలలో మచ్చ ఉంటే శ్లాబ్ లీకు. బాత్‌రూమ్ గోడ అవతలి వైపు మచ్చ ఉండి, ఎండాకాలంలో కూడా ఆరకపోతే పైపు లీకు. మూడింటిలో ఏదో తెలుసుకుని రాస్తే మీ నోటీసుకు బరువు వస్తుంది.

బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. దీన్ని ఎలా రుజువు చేయాలి?

పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ప్రయోగశాలలు ఉన్నాయి, సచివాలయంలో అడిగితే దారి చెబుతారు. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి ఆధారం లేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. రిపోర్టులో అంకె 2000 దాటితే మాట్లాడాల్సిన పని ఉండదు. ఇల్లు చూపించినప్పుడు "మంచినీళ్ళే" అన్నారా, ఏమీ అనలేదా అన్నది గుర్తు చేసుకుని రాసిపెట్టుకోండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మున్సిపల్ నీళ్ళు తగ్గితే ఓనరును తప్పుపట్టలేం. పంపు నీళ్ళు వస్తున్నా మోటారు పాడై ట్యాంకు ఎక్కకపోతే, అద్దెలో మోటారు వాడకం కూడా ఉంటే, అది ఓనరు బాధ్యతే.

వాట్సాప్ మెసేజీలు కోర్టులో చెల్లుతాయా?

చెల్లుతాయి, కానీ ప్రింటు తీసి ఇస్తే సరిపోదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఒక సర్టిఫికెట్ పెట్టాలి. అందులో ఒక భాగం మీరు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. ఆ పని లాయరు చూసుకుంటారు. మీరు చేయాల్సింది ఒక్కటే, ఆ ఫోన్ జాగ్రత్తగా ఉంచడం. చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయకండి.

ఇంజనీరు రిపోర్టు కావాలా? ఖర్చు భరించలేం.

శ్లాబ్ కూలేలా ఉంటే కావాలి. లైసెన్సు ఉన్న సివిల్ ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెట్టిన ఒక్క పేజీ ఉన్నా ఓనరు మాట తీరు మారుతుంది. చిన్న లోపాలకైతే మేస్త్రి ఇచ్చిన ఎస్టిమేట్ చాలు, అందులో పని ఏమిటి, ఖర్చు ఎంత, తేదీ ఉండాలి. కేసు వేశాక కోర్టును అడిగే దారి కూడా ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ను పంపమని పిటిషన్ వేయొచ్చు. ఆయన ఇంటికి వచ్చి ఇద్దరి ఎదుట చూసి కోర్టుకు రిపోర్టు ఇస్తారు. ఇంటి పరిస్థితే అసలు వివాదం అయిన కేసుల్లో దీనికి మించిన సాక్ష్యం నాకు కనపడదు. వానల సమయంలో వచ్చేలా అడగండి.

మా పాపకి ఆయాసం వస్తోంది. దాన్ని కేసులో పెట్టొచ్చా?

పెట్టొచ్చు. గోడల మీద బూజు, నెమ్ము ఉన్న ఇంట్లో పిల్లలకు ఆయాసం పెరుగుతుందని వైద్యులకు తెలుసు. కానీ ఈ పాపకు ఈ ఇంటి వల్లే వచ్చిందని రుజువు చేయడం కష్టం. డాక్టరుకు ఇంటి పరిస్థితి చెప్పి, ఆ సంగతి చీటీ మీద రాయమని అడగండి. మందుల బిల్లులు దాచండి. నష్టపరిహారం కోసం కాకపోయినా, రిపేరు ఎంత అత్యవసరమో కోర్టుకు అర్థం కావడానికి అవి ఉపయోగపడతాయి. పాప ఆరోగ్యం దిగజారుతుంటే మాత్రం కేసు కోసం ఆ ఇంట్లో కూర్చోవద్దు.

## నోటీసు ఇచ్చేటప్పుడు

నోటీసు లాయరే పంపాలా? ఏం రాయాలి?

మీరే తెలుగులో రాసి పంపొచ్చు. ఇంటి చిరునామా, ఎప్పటి నుంచి ఉంటున్నారు, అద్దె ఎంత, ఏ నెల వరకు కట్టారు, ఏ గదిలో ఏ లోపం, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడెప్పుడు చెప్పారు, ఎన్ని రోజుల్లో బాగు చేయించాలి, లేకపోతే ఏం చేస్తారు. ఇంతే. తిట్లు, అనుమానాలు, ఓనరు కొడుకు గురించిన మాటలు రాయకండి, రేపు జడ్జి గారు చదివే కాగితం అది. స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ రుజువు తీసుకోండి. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి కౌంటర్‌లో రిజిస్ట్రేషన్ సదుపాయంతో పంపాలని అడగండి. కాపీ, రశీదు రెండూ దాచుకోండి.

గడువు లోపాన్ని బట్టి ఇవ్వండి. శ్లాబ్ పెచ్చులు మంచం మీద పడుతుంటే వారం చాలు. గోడ చెమ్మకి నెల రోజులిచ్చినా తప్పులేదు. వానల్లో టెర్రస్ పని మొదలుపెట్టలేమని ఓనరు చెబితే అది నిజమే, అప్పటిదాకా టార్పాలిన్ కప్పించమని రాయండి.

ఓనరు గల్ఫ్‌లో ఉన్నారు. వాళ్ళ బావమరిది వచ్చి అద్దె తీసుకెళ్తారు. నోటీసు ఎవరికి పంపాలి?

ఇద్దరికీ పంపండి. కోనసీమలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇంటి పన్ను ఎవరి పేరున ఉందో పంచాయతీలో గానీ మున్సిపాలిటీలో గానీ కనుక్కుని, ఆ పేరుకు ఊళ్ళోని చిరునామాకు ఒకటి, అద్దె తీసుకునే ఆయనకు ఒకటి పంపండి. విదేశంలో ఉన్న ఓనరుకు వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో కూడా అదే నోటీసు పెట్టండి. అద్దె వసూలు చేస్తూ, రిపేర్ల విషయానికి వచ్చేసరికి "నాకేం సంబంధం" అనే బావమరిదికి ఆ కాగితంతో జవాబు దొరుకుతుంది.

నోటీసు తీసుకోకుండా తిప్పి పంపేశారు.

మంచిదే. సరైన చిరునామాకు పంపిన కవరు "తీసుకోలేదు" అన్న రాతతో తిరిగొస్తే, అందినట్టే కోర్టులు లెక్కేస్తాయి. ఆ కవరు విప్పకుండా అలాగే దాచండి.

మేమే బాగు చేయించుకుని అద్దెలో కోసుకోవచ్చా?

అది ఓనరు చేయించాల్సిన రిపేరు అయి, మీరు నోటీసిచ్చి, తగిన సమయం ఆగి ఉంటే కోసుకోవచ్చు. ముందు రెండు ఎస్టిమేట్లు తెప్పించి ఓనరుకు పంపండి, "ఫలానా తేదీ లోపు మీరు చేయించకపోతే ఈ ఖర్చుతో మేమే చేయిస్తాం" అని రాయండి. తర్వాత పాడైన దాన్ని బాగు చేయించినంతవరకే ఖర్చు పెట్టండి. టైల్స్ మార్చడం, కొత్త గది వేయడం లాంటి శాశ్వత కట్టడాలు ఓనరు అనుమతి లేకుండా చేయకూడదు. పెద్ద మొత్తం ఒకేసారి కోసేస్తే అద్దె బకాయి పడ్డారని గొడవ వస్తుంది. లాయరును అడిగి, నెలనెలా కొంత కోస్తూ మిగతా అద్దెను ఓనరు బ్యాంకు ఖాతాలో వేయడం క్షేమం.

## ఎక్కడికి వెళ్ళాలి

కేసు ఏ కోర్టులో వేయాలి? రెంట్ కంట్రోలర్ దగ్గరికా?

పెద్దవాళ్ళు చెప్పే రెంట్ కంట్రోలర్ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వ్యవస్థ. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో నివాస, నివాసేతర భవనాల అద్దెలకు కొత్త చట్టం చేసింది. మీ ఒప్పందం ఎప్పటిది, అడుగుతున్నది రిపేరా, డబ్బా, ఇంజంక్షనా (ఫలానా పని చేయొద్దని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) అన్నదాన్ని బట్టి అద్దె చట్టం కింద వెళ్ళాలా, సివిల్ కోర్టులో దావా వేయాలా అన్నది తేలుతుంది. ఇది లాయరుతో ఒక్క గంట కూర్చుంటే తేలే విషయం. తప్పుడు చోట వేస్తే నెలలు వృథా అవుతాయి కాబట్టి ఆ గంట తప్పించుకోకండి. ఇల్లు యానాంలో ఉంటే అది పుదుచ్చేరి కిందికి వస్తుంది. అక్కడిది వేరే చట్టం, వేరే కోర్టు.

కోర్టు దాకా వెళ్ళకుండా మున్సిపాలిటీ ఏమీ చేయదా?

కొన్నింటికి చేస్తుంది. మురుగు రోడ్డు మీదకు రావడం, సెప్టిక్ ట్యాంకు పొంగడం, దోమలు, కూలేలా ఉన్న కట్టడం, ఇవి ఒక్క మీ సమస్యే కాదు, వీధి మొత్తానిది. వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి. కదలకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అధికారులు వచ్చి చూసి రాసిన రిపోర్టు కాపీ కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఓనరుతో సంబంధం లేని అధికారి రాసిన కాగితం మీ ఫోటోల కంటే ఎక్కువ విలువ చేస్తుంది. ఒక్క జాగ్రత్త. కట్టడం ప్రమాదకరమని తేల్చితే ఖాళీ చేయమని మీకే ముందు చెబుతారు. వెళ్ళడానికి వేరే చోటు చూసుకుని ఆ ఫిర్యాదు ఇవ్వండి.

కన్స్యూమర్ కోర్టు తొందరగా తేలుస్తుందంటున్నారు.

మామూలు ఇంటి అద్దె "సేవ" కిందికి రాదని సుప్రీంకోర్టు 2001లోనే తేల్చింది. ఆ దారిలో టైమ్ పోగొట్టుకోవద్దు.

లాయరుకిచ్చే డబ్బుల్లేవు.

1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఉచితంగా లాయరును ఇస్తారు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, వరద లాంటి విపత్తుల్లో నష్టపోయినవారికి ఆదాయంతో సంబంధం లేదు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. కోర్టులున్న ఊళ్ళలో మండల న్యాయ సేవాధికార సంఘం ఆ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. ఇంటి అద్దె ఒప్పందం భార్య పేరున ఉంటే ఆమే దరఖాస్తు చేయొచ్చు. ఉచిత లాయరంటే పట్టించుకోరన్న భయం చాలామందికి ఉంది. కాగితాలన్నీ తేదీల వరసలో ఫైలు చేసి, ఒక పేజీలో జరిగింది రాసి తీసుకెళ్తే ఏ లాయరైనా పట్టించుకుంటారు.

లోక్ అదాలత్‌లో రాజీ పడమంటున్నారు. మంచిదేనా?

ఓనరు రిపేరు చేయిస్తానంటే మంచిదే. కేసు వేయకముందే కూడా అక్కడికి వెళ్ళొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడి అవార్డు, అంటే రాజీ పత్రం, సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే సంతకం పెట్టే ముందు ప్రతి మాటా చూసుకోండి. "త్వరలో బాగు చేయిస్తాను" అన్న మాటకు విలువ లేదు. ఏ గది, ఏ పని, ఏ తేదీ, చేయకపోతే అద్దెలో ఎంత తగ్గింపు అన్నది రాయించండి.

## ఓనరు తిరగబడితే

ఫిర్యాదు చేశామని కరెంటు తీసేశారు.

వెంటనే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, స్టేషన్‌లోనూ రాసివ్వండి. లాయరు ద్వారా ఇంజంక్షన్ కోసం అత్యవసర పిటిషన్ వేయండి. కరెంటు కనీస అవసరమని, ఓనరు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వలేదన్న కారణంతో అద్దెకున్నవారికి కనెక్షన్ నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. దరఖాస్తుదారు ఆ ఇంట్లో ఉంటున్నారా లేదా అన్నదే విద్యుత్ సంస్థ చూడాలి. కాబట్టి మీ పేరున మీటరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఊరెళ్ళి వచ్చేసరికి వేరే తాళం వేసి ఉంది. సామాను బయట పడేశారు.

కోర్టు డిక్రీ లేకుండా ఎవరినీ బలవంతంగా ఖాళీ చేయించకూడదు. నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసిచ్చి ఒప్పందం ముగించొచ్చు గానీ, ఆ తర్వాత కూడా మీరు వెళ్ళకపోతే కోర్టుకు వెళ్ళాల్సింది ఓనరే. 112కు ఫోన్ చేయండి, తాళాన్ని, సామానును ఫోటో తీయండి, ఇరుగుపొరుగు పేర్లు రాసుకోండి. తాళం పగలగొట్టకండి. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్న జోలికి పోకుండా మిమ్మల్ని మళ్ళీ ఇంట్లో పెట్టమని అడగొచ్చు. ఆరు నెలలు దాటితే ఆ దారి మూసుకుపోతుంది.

అద్దె పంపితే వెనక్కి పంపేస్తున్నారు.

బకాయి చూపించడానికి వేసే ఎత్తు ఇది. ప్రతి నెలా అదే తేదీకి పంపుతూనే ఉండండి. వెనక్కి వచ్చిన ప్రతిసారీ "అద్దె సిద్ధంగా ఉంది, ఏ ఖాతాకు వేయమంటారో చెప్పండి" అని మెసేజ్ పెట్టండి. తిరిగొచ్చిన డబ్బు ఖర్చు పెట్టకుండా విడిగా ఉంచండి. కేసు నడుస్తుంటే కోర్టులో జమ చేసేందుకు అనుమతి అడగండి.

మా కులం తెలిశాక నీళ్ళు ఆపేశారు, ఖాళీ చేయమంటున్నారు.

ఇది రిపేర్ల గొడవ కాదు, ఆ కాగితాల్లో కలపకండి. ఎస్సీ ఎస్టీలను నివాసం వదిలి వెళ్ళేలా చేయడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ నమోదు చేయించండి. తీసుకోకపోతే ఎస్పీకి రాయండి. అన్న మాటలు, విన్నవాళ్ళ పేర్లు ఆ రోజే రాసిపెట్టుకోండి.

## వరద, ఖాళీ చేయడం

వానొస్తే ఇంట్లోకి నీళ్ళు. "గోదావరికి నేనేం చేస్తాను" అంటున్నారు ఓనరు.

నీళ్ళు నది నుంచి వచ్చాయా, డ్రెయిన్ నుంచి వచ్చాయా అన్నది తేల్చండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. ఆ తేదీలన్నీ పేపర్లలో వస్తాయి. 2022 జూలైలో లాగా మూడో హెచ్చరిక దాటి లంకలన్నీ మునిగితే ఓనరు మాట నిజమే. కానీ మొదటి హెచ్చరిక కూడా లేని రోజున మీ గదిలోకి మురుగు వచ్చిందంటే నది కారణం కాదు. ఇల్లు రోడ్డు కంటే పల్లంలో ఉండటమో, ఇంటి కాలువ పూడిపోవడమో కారణం. గోడ మీద నీటి మట్టం దగ్గర గీత గీసి తేదీ వేయండి, ఆ రోజు పేపరు పక్కన పెట్టి ఫోటో తీయండి. ఇది ఏటా జరుగుతుందని ఓనరుకు తెలిసీ మీకు చెప్పకుండా అద్దెకిచ్చి ఉంటే, దాచిన లోపం అని వాదించొచ్చు. పాత అద్దెదారులు చెప్పే మాట ఇక్కడ పనికొస్తుంది.

వరదకి ఇల్లు మునిగి శిబిరంలో ఉన్నాం. ఆ నెల అద్దె కట్టాలా?

ఇంట్లో ముఖ్యమైన భాగం పూర్తిగా కూలిపోయినా, లేక శాశ్వతంగా ఉండటానికి పనికిరాకుండా పోయినా, ఒప్పందం రద్దు చేసుకునే హక్కు మీకుంది. కొద్ది రోజులు మునిగి తేలిన ఇంటికి మాత్రం అద్దె దానంతటదే ఆగదు. తగ్గించమని రాసి అడగండి, చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు. నష్టం లెక్క రాయడానికి సిబ్బంది వచ్చినప్పుడు మీరు ఇంట్లో ఉండేలా చూసుకోండి. కట్టడం నష్టం ఓనరుది, తడిసిన బియ్యం, ఫ్రిజ్, పుస్తకాలు మీవి. అవి మీ పేరున రాయించుకోండి.

ఖాళీ చేసి వెళ్ళిపోతే కేసు పోతుందా?

రిపేరు చేయించమని అడిగే అవకాశం పోతుంది. మీరు పెట్టిన రిపేరు ఖర్చు, సామాను నష్టం, అడ్వాన్సు అడిగే హక్కు మిగులుతుంది. వెళ్ళే ముందు ప్రతి గదినీ వీడియో తీయండి, మీటరు రీడింగ్‌తో సహా. తాళాలు ఇచ్చినట్టు రాయించుకోండి. రాసివ్వనంటే, ఇస్తున్నప్పుడు తెలిసినవారిని సాక్షిగా ఉంచి అదే రోజు మెసేజ్ పెట్టండి. తాళం అప్పగించినట్టు రుజువు లేకపోతే తర్వాతి నెలల అద్దె కూడా మీ మీద వేస్తారు.

అడ్వాన్సులోంచి సున్నానికి, రిపేర్లకి కోస్తామంటున్నారు.

వాడకంతో వచ్చే మామూలు అరుగుదలకు కోయకూడదు. కోసిన ప్రతి రూపాయికీ బిల్లు అడగండి. మీరు దిగిన రోజు తీసిన ఫోటోలుంటే ఆ రోజే బూజు ఉందని చూపించొచ్చు. ఇవ్వకపోతే నోటీసిచ్చి, డబ్బు తిరిగి ఇవ్వాల్సిన రోజు నుంచి మూడేళ్ళ లోపు దావా వేయాలి. "పండగ వెళ్ళాక ఇస్తాను" అంటూ వాయిదా వేస్తుంటే ఆ మాటను మెసేజ్‌లో రాయించుకోండి, బాకీ ఉన్నట్టు రాతలో ఒప్పుకున్నట్టు అవుతుంది.